ఫౌండేషన్‌ను వేసినప్పుడు కాదు, పోయేటప్పుడు చూడాలి

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం, తరువాత చదివేవాళ్ళకు కూడా అర్థమవుతుంది. మీరు ఉండేది విజయవాడ. చామనఛాయ, జిడ్డు చర్మం, నోటి చుట్టూ కొంచెం నలుపు. వైశాఖంలో పెళ్ళి. ముఖం రంగంతా ఒకేలా కనిపించడానికి పూసుకునే ఫౌండేషన్లు రెండు కొన్నారు. మొదటిది షాపులో బాగా కుదిరిందనిపించింది, ఇంటికి వచ్చి చూసుకుంటే బూడిద పూసినట్టు ఉంది. రెండోది పొద్దున బాగానే ఉండి సాయంత్రానికి నల్లబడుతోంది. మెరుపు కోసం హైలైటర్ వేసుకుంటే ముఖం జిడ్డోడుతోందని ఇంట్లో అన్నారు. ఇక ఖరీదైన విదేశీ బ్రాండు కొనాలా, ఈ రెండు సీసాలను ఏం చేయాలి అన్నది మీ సందేహం.

నేను చాలాకాలంగా పెళ్ళికూతుళ్ళకు మేకప్ చేస్తున్నాను, అందులోనూ ఎక్కువగా కోస్తా జిల్లాలలో. అందుకని నేను చెప్పేదంతా మన ఎండ, మన ఉక్కపోత, హోమం పొగ లెక్కలోకి తీసుకుని చెప్పేదే. చలిదేశంలో ఏసీ గదిలో కూర్చుని వీడియో తీసేవాళ్ళ సలహాలకూ దీనికీ అక్కడక్కడ పొంతన కుదరకపోవచ్చు.

వేసుకున్న మొదటి ఐదు నిమిషాలలో దాదాపు ప్రతి ఫౌండేషనూ బాగానే ఉంటుంది. కొనాలో వద్దో మనం తేల్చుకునేది ఆ కాసేపట్లోనే కాబట్టి, తయారుచేసేవాళ్ళ శ్రద్ధ కూడా ఎక్కువగా దాని మీదే ఉంటుంది. నేను మాత్రం అది ఎలా పోతోందో చూస్తాను. ఆరేడు గంటలు గడిచాక ఎంత మంచిదైనా కొంత పోక తప్పదు. ముఖమంతా ఒకేలా పలచబడితే టిష్యూతో అద్ది, పౌడర్ తాకిస్తే మళ్ళీ తేరుకుంటుంది. అదే ముక్కు పక్కల చీలిపోయి, గడ్డం మీద ఉండలు కట్టి, నవ్వు గీతలలో పేరుకుంటే, పీటల మీద కూర్చున్న పెళ్ళికూతురికి ఆ క్షణంలో ఎవరూ ఏమీ చేయలేరు. పైన ఇంకో పొర వేస్తే ఇంకా పాడవుతుంది. కాబట్టి ఎన్ని గంటలు ఆగిందన్న లెక్క కంటే ఎలా పోయిందన్నది నాకు ముఖ్యం. సీసా మీద 24 గంటలని రాసి ఉంటుంది చూడండి, ఆ అంకె మీ ఊరి మే నెలలో కొలిచింది కాదు.

ఇప్పుడు బూడిద రంగు సంగతి. ఫౌండేషన్ రంగు ముఖ్యంగా నాలుగు పదార్థాల కలయిక: తెల్లని టైటానియం డయాక్సైడ్, పసుపు, ఎరుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్లు. లేత షేడ్‌లో తెలుపు వాటా ఎక్కువ. ఆ తెల్లని పొర చామనఛాయ మీద పలచగా పరుచుకుంటే, వెలుగులోని నీలాన్ని ఎక్కువగా వెనక్కి చెదరగొడుతుంది. కింద ముదురు రంగు, పైన ఈ చల్లని తెలుపు. రెండూ కలిసి మన కంటికి బూడిదగా కనిపిస్తాయి. దీనికి మీ ముఖం చేసిన తప్పేమీ లేదు. పది సందర్భాలలో తొమ్మిదింటికి కారణం ఒకటే, ఉన్న రంగు కంటే లేత షేడ్ కొనడం. షాపులో అమ్మాయి ఒక మెట్టు తెల్లది చూపిస్తుంది, పక్కన ఉన్న పెద్దమ్మ "ఇదే బాగుంది" అంటుంది, మనం కొనేస్తాం. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరులోంచి ఫెయిర్ అన్న మాట తీసేసి గ్లో అండ్ లవ్లీ అని మార్చారు. ఇళ్ళలో మాత్రం ఆ మాట ఇంకా అలాగే ఉంది.

మిగిలిన కారణాలూ ఉన్నాయి. జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ వేసుకుని, అది ఆరకముందే పైన ఫౌండేషన్ వేస్తే రెండూ కలిసి తెల్లబారుతాయి. కళ్ళ కింద, నోటి చుట్టూ ఉన్న నలుపును నేరుగా లేత కన్సీలర్‌తో (మచ్చలు కనిపించకుండా వేసే చిక్కని క్రీముతో) కప్పబోతే అక్కడ బూడిద మచ్చ తేలుతుంది. మన ఛాయలకు ముందు నారింజ రంగు కరెక్టర్‌ను చాలా పలచగా, నలుపు ఉన్నంత మేరకే అద్దాలి. ఆ నారింజ నలుపులోని నీలాన్ని చంపుతుంది. దాని మీద ఫౌండేషన్‌ను రుద్దకుండా స్పాంజితో అద్దితే చాలా తక్కువతోనే సరిపోతుంది. మీకు నోటి చుట్టూ నలుపు ఉందన్నారు కాబట్టి, కొత్త ఫౌండేషన్ కొనేముందు ఒక చిన్న కరెక్టర్ కొని చూడండి. సగం సమస్య అక్కడే తీరవచ్చు.

షేడ్ చూసుకోవడం ఎలా? చేతి మీద, మణికట్టు లోపలి వైపు గీసి చూడటం మానేయండి. అక్కడి చర్మానికి ఎండ తగలదు, దానికీ ముఖానికీ పోలిక ఉండదు. దవడ ఎముక దగ్గర మొదలుపెట్టి మెడ మీదకు వచ్చేలా మూడు గీతలు పక్కపక్కనే గీయించుకోండి. మీకు సరిపోతుందనుకున్నది ఒకటి, అంతే ముదురుగా ఉండి పసుపు ఎక్కువున్నది ఒకటి, ఎరుపు ఎక్కువున్నది ఒకటి. వెంటనే అద్దంలో చూసి తేల్చేయకండి. షాపులో ఇంకేమైనా చూస్తూ ఇరవై నిమిషాలు గడపండి. తరువాత బయటకు వచ్చి, నేరుగా ఎండలో కాకుండా నీడలో నిలబడి చూడండి. కనిపించకుండా పోయిన గీత ఏదో అదే మీది. మాల్‌లో అయితే గాజు తలుపు దాకా నడవండి, అక్కడి వాళ్ళు ఏమనుకున్నా సరే. షాపులో పసుపు బల్బుల కింద చర్మంలో కలిసిపోయిన రంగు పగటి వెలుగులో విడిగా తేలవచ్చు. మీ మొదటి సీసా అలా మోసం చేసిందే అయి ఉంటుంది.

అండర్‌టోన్, అంటే చర్మం రంగు అడుగున ఉండే జీర, తెలుసుకోవడానికి మణికట్టు నరాలు చూసుకోమని, బంగారం నప్పుతుందా వెండి నప్పుతుందా చూసుకోమని చెబుతుంటారు. మన ఛాయలలో ఆ రెండూ నాకు ఎప్పుడూ నమ్మకంగా పనిచేయలేదు. నరాలు సరిగా కనిపించవు, బంగారం నప్పని తెలుగు అమ్మాయిని నేనింకా చూడలేదు. మూడు గీతల పద్ధతే మేలు. మనవాళ్ళలో పసుపుతో పాటు కొద్దిగా ఆకుపచ్చ జీర ఉన్న చర్మాలు చాలానే ఉంటాయి, వాటిని ఆలివ్ అంటారు. ఇలాంటివారికి మామూలు వార్మ్ షేడ్ (పసుపు వైపుది) వేస్తే నారింజగా, కూల్ షేడ్ (గులాబీ వైపుది) వేస్తే గులాబీగా కనిపిస్తుంది. "నాకు ఏ ఫౌండేషనూ పడదు" అనేవాళ్ళలో చాలామంది ఈ కోవకు చెందినవాళ్ళే. సీసా మీది అక్షరాలను కూడా గుడ్డిగా నమ్మవద్దు. చాలా కంపెనీలలో డబ్ల్యు అంటే పసుపు, బంగారు ఛాయ. మ్యాక్ కంపెనీలో ఎన్‌సి అని ఉన్నవి బంగారు ఛాయలకు, ఎన్‌డబ్ల్యు అని ఉన్నవి గులాబీ ఛాయలకు. ఒకచోట అలవాటైన అక్షరం చూసి ఇంకోచోట ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేస్తే తలకిందులైపోతుంది.

ముఖానికి సరిపోల్చాలా, మెడకా? మీరు బండి మీద తిరిగేవారైతే ముఖానికి చున్నీ కట్టుకుంటారు, నుదురు మాత్రం ఎండకు ఎండుతుంది. అప్పుడు ఒకే ముఖంలో నుదురు ఒక రంగు, బుగ్గలు ఒక రంగు, మెడ ఇంకో రంగు. పెళ్ళి ఫొటోలలో మెడ, భుజాల పైభాగం, చేతులు, వాటి మీద నగలు అన్నీ కలిసి ఒకే చట్రంలో కనిపిస్తాయి కాబట్టి నేను మెడకు దగ్గరగా ఉండే షేడ్ తీసుకుని, నుదుటి అంచున మాత్రం అర మెట్టు ముదురుది కలుపుతాను. రెండు షేడ్లు వాడటం ఆడంబరం కాదు, మన ముఖాలకు అది అవసరం.

పెళ్ళికూతుళ్ళకు ఇంకో జాగ్రత్త. నలుగు పెట్టిన రోజు, మంగళస్నానం అయిన వెంటనే షేడ్ ఎంచుకోవద్దు. పసుపు చర్మానికి పట్టి ఒకటి రెండు రోజులు ఉంటుంది. ఆ రంగుకు సరిపోయిన ఫౌండేషన్ వారం తరువాత సరిపోదు. దీన్నే తిరగేసి చూస్తే, పసుపు లేని రోజున కుదిరిన షేడ్ పెళ్ళిరోజు ముఖానికి కాస్త గులాబీగా అనిపించవచ్చు. అందుకే పెళ్ళిపెట్టెలో పసుపు రంగు ఎక్కువున్న షేడ్ ఒకటి అదనంగా ఉంచుకుంటాను. బ్లీచ్, ఫేషియల్, థ్రెడింగ్ చేయించుకున్న రోజు కూడా ఇంతే, మంట మీద ఉన్న ముఖం అసలు రంగు చెప్పదు.

మీ రెండో సీసా సాయంత్రానికి నల్లబడటాన్ని అందరూ ఆక్సిడైజ్ అయిందంటారు, అంటే గాలిలోని ఆక్సిజన్ తగిలి రంగు మారిందని. నిజానికి అందులోని ఐరన్ ఆక్సైడ్లు ముందే ఆక్సీకరణం చెంది సీసాలోకి వచ్చినవే. జరిగేది వేరు. ముందుగా అందులోని నీరు, ఆవిరైపోయే రకం సిలికోన్లు ఎగిరిపోతాయి, రంగు పొర చిక్కబడుతుంది. తరువాత చర్మంలోంచి ఊరే జిడ్డు ఆ పొడి కణాల మధ్యకు చేరి వాటిని తడుపుతుంది. పొడి మట్టి తడిస్తే ముదురుగా కనిపిస్తుంది కదా, ఇదీ అదే. మొదటి మార్పు ఇరవై నిమిషాలలో బయటపడుతుంది కాబట్టి షాపులో ఆగి చూస్తే తెలిసిపోతుంది. రెండోది మాత్రం మధ్యాహ్నం దాకా తెలియదు, జిడ్డు చర్మం ఉన్నవారికే ఎక్కువ. దానికి విరుగుడుగా కొందరు ముందే ఒక షేడ్ తెల్లది కొంటారు. అది వద్దు, పొద్దున బూడిదగా, సాయంత్రం మచ్చలు మచ్చలుగా తయారవుతుంది. ముక్కు, నుదుటి మధ్యభాగం, గడ్డం మీద నూనెను పీల్చే ప్రైమర్ (ఫౌండేషన్ కింద వేసే పూత) కొంచెం, ఫౌండేషన్ పలచగా, పైన పౌడర్ అద్దడం, రెండు గంటలకోసారి టిష్యూతో జిడ్డు తీయడం. ఇంత చేసినా నల్లబడితే ఆ సీసా మీ చర్మానికి కాదు.

వాటర్‌ప్రూఫ్ అన్న మాట గురించి కూడా ఇక్కడే చెప్పాలి. అది చెమటకు, అప్పగింతల వేళ కన్నీళ్ళకు తట్టుకుంటుంది. జిడ్డుకు తట్టుకోవాలన్న నియమం లేదు. నీటికి చెక్కుచెదరని పొరే నూనెకు కరిగిపోవచ్చు. జిడ్డు చర్మానికి నూనెకు నిలుస్తుందా అన్న పరీక్షే ముఖ్యం, దాన్ని ఇంట్లోనే చేసుకోవచ్చు.

ఒక సెలవురోజు చూసుకోండి. ముఖం కడుక్కుని, రోజూ వాడే సన్‌స్క్రీన్ వేసుకుని ఆరనివ్వండి. ముఖం ఎడమ సగానికి ఒక ఫౌండేషన్, కుడి సగానికి రెండోది. కింద ప్రైమర్ ఒకటే, పరిమాణం ఒకటే, వేసే స్పాంజి తీరు ఒకటే ఉండాలి. వేర్వేరు రోజులలో వేసి పోల్చితే ఆ రోజు నిద్ర, ఎండ, నెలసరి అన్నీ కలిసి ఏది దేనివల్లో తెలియదు. ఒకే ముఖం మీద ఒకే రోజు అయితే తేడా ఖాయంగా తేలుతుంది. ఏసీ వేసుకోకండి. వంటింట్లో ఒక పూట వంట చేయండి. హోమం ముందు కూర్చోవడానికి దానికి మించిన సాధన లేదు.

కిటికీ పక్కన ఒకే చోట నిలబడి వెనుక కెమెరాతో ఫొటోలు తీయించుకోండి, ఫిల్టర్లు, బ్యూటీ మోడ్ ఆపేసి. గడ్డం కింద ఒక తెల్ల కాగితం పట్టుకోండి. ఫోను తనంతట తాను రంగులు మార్చేస్తుంది, కాగితం తెల్లగా కనిపిస్తేనే ముఖం రంగును నమ్మవచ్చు. వేసుకున్న వెంటనే ఒకటి, ఇరవై నిమిషాలకు ఒకటి, నాలుగు గంటలకు, ఎనిమిది గంటలకు. అన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ముక్కు పక్కన మొదట చూడండి, చీలిక వచ్చేది అక్కడే. తరువాత కనుబొమల మధ్య, పై పెదవి మీద, కళ్ళ కింది గీతలు. ఒక టిష్యూను బుగ్గ మీద నొక్కి తీయండి. జిడ్డు మరక మాత్రమే అంటితే సంతోషం. రంగు మచ్చగా అంటితే అది పట్టు జాకెట్టు అంచుకూ, కౌగిలించుకున్న అత్తగారి చీరకూ అంటుతుంది.

ఫౌండేషన్ ఉండలు కడితే ప్రతిసారీ నేరం దానిది కాదు. కింద వేసిన ప్రైమర్, సన్‌స్క్రీన్‌లతో అది పొసగకపోవచ్చు. మూడింటినీ చుక్క చుక్క చేతి వెనుక వేసి వేలితో కలిపి చూడండి. విరిగిన పాలలా విడిపోతే ముఖం మీదా అంతే.

పెళ్ళి కదా, ఫ్లాష్ పరీక్ష తప్పనిసరి. చీకటి గదిలో రెండడుగుల దూరం నుంచి ఫ్లాష్ వేసి ఫొటో తీయండి. కళ్ళ కింద, ముక్కు మీద తెల్లని మచ్చలు తేలితే పౌడర్‌లోని సిలికా గాని, సన్‌స్క్రీన్‌లోని టైటానియం, జింక్ ఆక్సైడ్లు గాని ఫ్లాష్‌ను తిప్పికొడుతున్నాయని అర్థం. ఎర్ర తివాచీ మీద హాలీవుడ్ నటీమణులే ఇలా దొరికిపోయిన ఫొటోలు ఉన్నాయి. అద్దంలో పారదర్శకంగా కనిపించే పౌడరే ఈ పని చేస్తుంది కాబట్టి కంటితో చూసి పట్టుకోలేం.

ఫౌండేషన్‌లో ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) ఉందని సన్‌స్క్రీన్ మానేయకండి. ఆ అంకెను కొలిచేటప్పుడు చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల లెక్కన పూస్తారు, ముఖానికి అది సుమారు గ్రాము అవుతుంది. అంత ఫౌండేషన్ ఎవరూ వేసుకోరు. అయితే ఒక మేలు ఉంది. మన ఛాయలలో మంగు మచ్చలను ఎండలోని అతినీలలోహిత కిరణాలే కాకుండా కంటికి కనిపించే వెలుగు కూడా ముదరబెడుతుంది. ఐరన్ ఆక్సైడ్లు ఆ వెలుగును కొంత అడ్డుకుంటాయి. చర్మ వైద్యులు మంగు ఉన్నవారికి రంగున్న సన్‌స్క్రీన్ రాసిచ్చేది అందుకే.

ఇక హైలైటర్. ఇందులో మెరిసేది చాలా వరకు అభ్రకం, మన నెల్లూరు వైపు గూడూరు గనులకు పేరు తెచ్చిన అభ్రకమే. రేకుల మీద టైటానియం డయాక్సైడ్ సన్నని పూత వేస్తారు. పూత మందాన్ని బట్టి మెరుపు వెండిలా, బంగారంలా, గులాబీలా మారుతుంది. ఐరన్ ఆక్సైడ్ కూడా కలిపితే రాగి, కంచు రంగులు. జార్ఖండ్, బీహార్ గనులలో పిల్లల చేత పని చేయిస్తున్నారన్న విషయం బయటపడ్డాక, 2017లో రెస్పాన్సిబుల్ మైకా ఇనిషియేటివ్ అనే కూటమి ఏర్పడింది. కొన్ని కంపెనీలు కృత్రిమ అభ్రకానికి మారాయి. పట్టించుకునేవారు లేబుల్ మీద సింథటిక్ ఫ్లోర్‌ఫ్లోగోపైట్ అని ఉందేమో చూసుకోవచ్చు, మెరుపు ఏమీ తగ్గదు.

హైలైటర్‌ను వేలితో తీసి చేతి మీద రుద్ది చూసి కొంటారు. ఆ పరీక్షలో ఓడిపోయే హైలైటర్ ఉండదు. బుగ్గ ఎముక మీద, ఫౌండేషన్ ఉన్నప్పుడే వేసి చూడాలి. కిటికీకి పక్కగా నిలబడి తలను నెమ్మదిగా తిప్పండి. వెలుగు తగిలినంతసేపు మెరిసి, తల తిప్పగానే మాయమైతే అది మీకు నప్పినట్టు. వెలుగు తగలకపోయినా ఒక తెల్లని గీత అలాగే ఉండిపోతే అది మీ ఛాయకు కాదు. వెండి, ముత్యపు రంగు హైలైటర్లు చామనఛాయ మీద చాలాసార్లు ఇలాగే చేస్తాయి, ఫౌండేషన్ బూడిదకు చెప్పిన కారణమే ఇక్కడా. మీకు పీచ్ కలిసిన బంగారం, ముదురు షాంపేన్ బాగుంటాయి. ఇంకా ముదురు ఛాయలకు రాగి, కంచు రంగులు అద్భుతంగా ఉంటాయి, కానీ మన షాపులలో వాటిని అడిగితే తప్ప చూపించరు.

రేణువు పరిమాణం కూడా చూడాలి. 15 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అటూ ఇటూ ఉన్న రేణువులు పట్టులాంటి మెరుపునిస్తాయి. 100 దాటితే చమ్కీలే. ఆ అంకె డబ్బా మీద రాయరు గాని, వేలికి అంటించుకుని దగ్గరగా చూస్తే విడివిడి చుక్కలు కనిపిస్తున్నాయో లేదో తెలుస్తుంది. విడిగా కనిపిస్తే వద్దు. మొటిమల గుంటలు, పెద్ద రంధ్రాలు ఉన్నచోట ఏ హైలైటరూ వద్దు, మెరుపు ప్రతి గుంటనూ ఎత్తి చూపిస్తుంది.

మీ ముఖం జిడ్డుగా కనిపించడానికి తప్పు బహుశా హైలైటర్‌ది కూడా కాదు, చోటుది. జిడ్డు ఊరేది ముఖం మధ్యలో: నుదురు, ముక్కు, ముక్కు పక్క బుగ్గలు. వీడియోలలో చూపినట్టు ముక్కు దూలం మీద, నుదుటి మీద హైలైటర్ వేస్తే సహజమైన జిడ్డూ ఈ మెరుపూ కలిసిపోతాయి. ముఖం మధ్యభాగాన్ని పౌడర్‌తో మెరుపు లేకుండా ఉంచి, బుగ్గ ఎముక పైఅంచున, కణత వైపుకు మాత్రమే సన్నగా వేయండి. మధ్యలో మెరుపు లేనప్పుడే అంచున ఉన్న మెరుపు కాంతిగా కనిపిస్తుంది. పైగా పెళ్ళికూతురి నుదుటి మీద బాసికం, పాపిటబిళ్ళ ఉంటాయి, ముక్కున ముక్కుపుడక. అన్నీ వీడియో లైట్ల కింద తళుక్కుమనేవే, అక్కడ హైలైటర్ దండగ. కొరియా వాళ్ళ గాజులా నిగనిగలాడే చర్మం మోజు మీకూ ఉంటే ఉండవచ్చు, కాని వైశాఖ మాసపు విజయవాడలో ఫౌండేషన్‌లో ద్రవ హైలైటర్ కలిపి ముఖమంతా పూసుకుంటే గంటలో నూనె తుడుచుకోవలసి వస్తుంది. పౌడర్ రకం వాడండి. క్రీమ్ రకమే కావాలంటే ముఖానికి పౌడర్ వేయకముందే వేయాలి. పౌడర్ వేశాక పైన క్రీమ్ రుద్దితే కింది ఫౌండేషన్ లేచి వస్తుంది.

ఖరీదు విషయంలో నా మాట సూటిగా చెప్తాను. ఫౌండేషన్‌లో డబ్బుకు కొంత విలువ ఉంటుంది, హైలైటర్‌లో చాలా తక్కువ. ఎక్కువ ధర పెట్టిన ఫౌండేషన్‌లో సాధారణంగా షేడ్లు ఎక్కువ దొరుకుతాయి, చర్మం మీద పట్టి ఉంచే పొర మేలైనది కావచ్చు. 2017 సెప్టెంబరులో ఫెంటీ బ్యూటీ అనే కంపెనీ ఒకేసారి 40 షేడ్లతో రావడంతో మిగతా కంపెనీలు కూడా ముదురు ఛాయల వైపు చూడక తప్పలేదు. ఆ మేలు ఇప్పుడు చవక బ్రాండ్లలో కూడా కొంత కనిపిస్తోంది. కాబట్టి బ్రాండ్ పేరు కంటే మీ ఛాయకు దగ్గరగా అందులో ఎన్ని షేడ్లు ఉన్నాయో చూడండి. లేతవి పదిహేను, మన రంగుకు రెండే ఉన్న కంపెనీ దగ్గర ఎంత ఖరీదు పెట్టినా మీకు ఒరిగేది తక్కువ. అవకాశం ఉంటే 30 మిల్లీలీటర్ల సీసాకు ముందు చిన్న ప్యాక్ కొని పరీక్షించండి. ఇతరుల సమీక్షలు చదివేటప్పుడు వారి ఊరి వాతావరణం, చర్మ రకం చూడండి. ముఖానికి ఎదురుగా గుండ్రటి లైటు పెట్టుకుని తీసిన వీడియోలో గుంటలు, గీతలు కనిపించవు. దాన్ని చూసి ఫినిష్ గురించి, అంటే చర్మం మీద చివరికి ఎలా కనిపిస్తుందో, ఏమీ చెప్పలేం.

తక్కువ ధరకు పెద్ద బ్రాండు దొరికిందంటే నకిలీ అని అనుమానించాలి. 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం ఇక్కడ తయారైనదాని మీద లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, వాడాల్సిన గడువు ఉండాలి. దిగుమతి సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు. తెరిచిన డబ్బా బొమ్మ పక్కన 12, ఎం అక్షరం ఉంటే మూత తీశాక పన్నెండు నెలలు అని. నాన్ కొమెడోజెనిక్ (చర్మ రంధ్రాలను మూయనిది), హెచ్‌డీ లాంటి మాటలకు చట్టంలో కొలత ఏమీ లేదు, వాటికోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి. కొత్తది ఏదైనా ముందు చెవి వెనుక రాసి రెండు మూడు రోజులు చూడండి, అలర్జీ వెంటనే బయటపడకపోవచ్చు. పెళ్ళికి చివరి రెండు వారాలలో ముఖం మీదకు కొత్త వస్తువేదీ రానివ్వకండి.

మీ రెండు సీసాలూ పారేయకండి. ఒకటి లేత, ఒకటి ముదురు, కాబట్టి కలిపి వాడే అవకాశం ఉంది. ఒక పింగాణీ పళ్ళెంలో రెండింటినీ చుక్క చుక్క కలిపి అరగంట వదిలేయండి. విడిపోకుండా నున్నగా ఉంటే, ముదురుది రెండు పాళ్ళు, లేతది ఒక పాలుతో మొదలుపెట్టి దవడ మీద గీత గీసి చూడండి. ఇంకా బూడిద జీర ఉంటే నారింజ ద్రవ కరెక్టర్ ఒక్క చుక్క. కుదిరిందనిపిస్తే ఆ మిశ్రమంతోనే పైన చెప్పిన వంటింటి పరీక్ష, ఫ్లాష్ పరీక్ష చేయండి. రెండూ పొసగకపోతే లేతదాన్ని కరెక్టర్ మీద కళ్ళ కింద కొద్దిగా అద్దడానికి, ముదురుదాన్ని మాయిశ్చరైజర్‌లో కలిపి ఆఫీసుకు పలచగా వేసుకోవడానికి ఉంచుకుని, పెళ్ళికి మూడోది వెతకండి. కలిపినదాన్ని సీసాలో పోసి నిల్వ చేయకండి, ఎప్పటికప్పుడు కావలసినంతే కలపాలి. కుదిరిన పాళ్ళను ఒక కాగితం మీద రాసి, సీసాలతో సహా మీకు మేకప్ చేయబోయే వ్యక్తికి ట్రయల్ రోజునే ఇవ్వండి.